లోడరు ట్రాక్టరు: ధర చూసి కొనాలా, పని చూసి కొనాలా?

ఎద్దులు కొనే రోజుల్లో మన పెద్దలు అంగడికి ఒక్కరే వెళ్లేవారు కాదు. తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని సర్దార్‌నగర్ అంగడికి పోయేవారు. పళ్లు చూసేవారు, గిట్టలు చూసేవారు, సుడులు చూసేవారు. అంతటితో ఆగక నాలుగడుగులు నడిపించి, వీలైతే అరక కట్టి దున్నించి చూసేవారు. అప్పుడుగానీ తువ్వాలు కింద చేతులు కలిపి బేరం ఆడేవారు కాదు. ఎద్దుల జత కొనడానికే అంత చూసిన ఇంట్లో, ఈనాడు తొమ్మిది లక్షల ట్రాక్టరు కొనేటప్పుడు చూసేది ఏమిటి? రంగు, పేరు, "నెలకు ఎంత కట్టాలి?" అన్న ఒక్క మాట.

తుక్కుగూడ నుంచి మహేశ్వరం, కందుకూరు దాకా ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న మాట లోడరు ట్రాక్టరు. ముందు వైపు రెండు చేతులు, వాటికి ఇనుప బకెట్ బిగించిన బండి ఇది. మనవాళ్లు డోజరు ట్రాక్టరు అని కూడా అంటున్నారు. పెంట ఎత్తుతుంది, మట్టి నింపుతుంది, గట్లు సర్దుతుంది. బకెట్ విప్పితే మామూలు ట్రాక్టరులా దున్నుతుంది. ఒకే బండితో రెండు పనులు అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశ చిన్న రైతుకు గిట్టుబాటు అవుతుందా, అయితే ఎప్పుడు, ఏ బండితో అన్నదే ఈ వారం మన లెక్క.

ఊరి పని మారింది

మనది ఎర్ర చల్కా నేల. అక్కడక్కడా గుండ్రాళ్లు, కింద గట్టి రాయి. జొన్న, కంది, మక్క, పత్తితోపాటు బోరు ఉన్నచోట టమాటా, ఆకుకూరలు, పూలు. తెల్లవారకముందే సరూర్‌నగర్ రైతుబజారుకు కూరగాయలు వేసుకుపోయే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు శ్రీశైలం రహదారిని తుక్కుగూడ దగ్గరే దాటుతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల భూమి పొలం కన్నా ప్లాటుగా ఎక్కువ కనిపించసాగింది. అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు. మిగిలినవాళ్లకు రెండెకరాలో, మూడెకరాలో చేతిలో ఉంది.

దీంతో రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, కూలీలు దొరకడం లేదు. పెంట ఎత్తమంటే గంప పట్టే మనిషి లేడు. రెండోది, వెంచర్లలో మట్టి పని కళ్లముందు కనిపిస్తోంది. "అన్నా, డోజరు పెట్టించు, పొలం పని పొలం పని, కిరాయి కిరాయి" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. అయితే సలహా ఇచ్చినవాడు కిస్తీ కట్టడు.

ముందు కాగితం మీద పని రాయండి

షోరూం గడప తొక్కకముందే చేయవలసిన పని ఒకటుంది. పిల్లల నోటుబుక్కులోంచి ఒక కాగితం తీసుకుని, పోయిన ఏడాది మీరు కిరాయికి పిలిపించిన ప్రతి యంత్రం పనినీ గంటల్లో రాయండి. దున్నకానికి ఎన్ని గంటలు, రోటావేటరుకు ఎన్ని, పెంట తోలడానికి ఎన్ని, జేసీబీకి ఎన్ని. జ్ఞాపకం ఉన్నంత రాసినా చాలు.

మహేశ్వరం దారిలో మూడెకరాల రైతు ఒకరు ఉన్నారనుకుందాం. ఏడాదికి రెండు పంటలకు దున్నకం, రోటావేటరు కలిపి నలభై గంటలు. పెంట, పంట, పశువుల మేత తోలకానికి ఇంకో నలభై. లోడరుతో అయ్యే పని మాత్రం పెంట నింపడానికి పది గంటలు, గట్లు, బాట సర్దడానికి అయిదు, చెరువు మట్టికి అయిదు, మొత్తం ఇరవై. అంటే సొంత పని అంతా కలిపి నూరు గంటలు. ట్రాక్టరు ఖర్చు లెక్క కట్టేటప్పుడు ఇంజినీర్లు సాధారణంగా దాని ఆయుష్షు పదేళ్లు, ఏడాదికి వాడకం వెయ్యి గంటలు అని వేసుకుంటారు. మన రైతు సొంత పని అందులో పదో వంతే. మిగతా గంటలు కిరాయికి తిరగాలి, లేదా బండి షెడ్డులో నిలబడి వడ్డీ తినాలి.

ధర అంటే షోరూం ధర ఒక్కటే కాదు

కొటేషన్ చేతికి రాగానే దాన్ని విడగొట్టి చదవండి. అసలు ధర, జీఎస్టీ, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, లోడరు, ట్రాలీ, కల్టివేటరు, బంపర్, హుక్కు దేనికది విడిగా రాయించుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అసలు ధర 6 లక్షలు ఉన్న బండిపై పన్ను 72 వేల నుంచి 30 వేలకు దిగింది. తగ్గిన ఆ 42 వేలు మీ కొటేషన్‌లో కనబడుతున్నాయా లేదా చూడండి. లోడరును ట్రాక్టరుతో కలిపి బిల్లు వేస్తున్నారా, వేరే బిల్లా, దానిపై పన్ను ఎంత అన్నది కూడా అడగండి. నోటి మాట కాదు, కాగితం కావాలి.

ఇక వడ్డీ. ఈ లెక్కలో వేసేవి ఉదాహరణ అంకెలు. మీ కొటేషన్‌లోని అంకెలు పెట్టి మీరే చేసుకోండి. ట్రాక్టరు 7 లక్షలు, లోడరు 2 లక్షలు, మొత్తం 9 లక్షలు. చేతిలోంచి 2 లక్షలు కట్టి, 7 లక్షలు అప్పు తెచ్చారు. వడ్డీ 12 శాతం, గడువు అయిదేళ్లు, ఆరు నెలలకో కిస్తీ. మిగిలిన అసలుపైనే వడ్డీ వేస్తే ఒక్కో కిస్తీ సుమారు 95 వేలు. పది కిస్తీలకు వడ్డీ 2 లక్షల 51 వేలు.

అదే 12 శాతాన్ని ఫ్లాటు వడ్డీ అంటే ఏమవుతుంది? మీరు అసలు తీరుస్తున్నా అయిదేళ్లూ మొత్తం 7 లక్షలపైనే వడ్డీ పడుతుంది. అది 4 లక్షల 20 వేలు. తేడా 1 లక్ష 69 వేలు. ఒక్క మాట అడగనందుకు దాదాపు లోడరు ధర అంత పోతుంది. "వడ్డీ ఎంత?" అని అడిగితే సరిపోదు. "ఫ్లాటా, తగ్గే బాకీ మీదనా? అన్ని కిస్తీలు కలిపితే మొత్తం ఎంత కట్టాలి?" అని అడగండి. రెండు చోట్ల అడిగి, మొత్తాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకో సంగతి. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 1 లక్ష 60 వేల నుంచి 2 లక్షలకు పెంచింది. ఏడు లక్షల అప్పు ఆ పరిమితికి ఎంతో పైన ఉంది. బండితోపాటు భూమినీ తనఖా అడగవచ్చు. తుక్కుగూడ చుట్టుపక్కల గుంట భూమి విలువ ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఏడు లక్షల బండి కోసం పాసుబుక్కు తాళంలో పెడుతున్నామన్న సంగతి సంతకం చేసే ముందు ఇంట్లో అందరికీ తెలియాలి.

గంటకు ఎంత పడుతుంది?

తొమ్మిది లక్షల బండి పదేళ్ల తర్వాత 3 లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే అరుగుదల ఏడాదికి 60 వేలు. వడ్డీని పదేళ్లకు పంచితే 25 వేలు. ఇన్సూరెన్సు, షెడ్డు 15 వేలు. బండి కదిలినా, కదలకపోయినా ఏడాదికి లక్ష రూపాయల ఖర్చు ఖాయం.

కదిలితే అయ్యే ఖర్చు వేరు. గంటకు నాలుగు లీటర్ల డీజిలు, లీటరు 95 చొప్పున 380. డ్రైవరుకు 100. ఆయిలు, టైర్లు, రిపేర్లు 100. మొత్తం 580 రూపాయలు. మీరే నడిపితే ఆ నూరు మీ కూలి, అది లాభం కాదు.

ఇప్పుడు కలపండి. ఏడాదికి 300 గంటలు తిరిగితే ఖాయం ఖర్చు గంటకు 333, నడిచే ఖర్చు 580, వెరసి 913. వెయ్యి గంటలు తిరిగితే ఖాయం ఖర్చు 100కు దిగి వెరసి 680. బండి అదే, డీజిలు అదే. తేడా అంతా గంటల్లోనే ఉంది.

లోడరును విడిగా చూద్దాం. దాని అరుగుదల, వడ్డీ కలిపి ఏడాదికి 20 వేలు అనుకుందాం. మన రైతు ఇరవై గంటలే వాడితే ఒక్క లోడరుకే గంటకు వెయ్యి. దానిపై నడిచే ఖర్చు 580. ఇరవై గంటల పనికి 31 వేల 600 అయింది. అదే పనికి జేసీబీని పిలిస్తే? దాని బకెట్ పెద్దది, వేగం ఎక్కువ. పన్నెండు గంటల్లో ముగిస్తుందనుకుని గంటకు 1,200 చొప్పున కట్టినా 14 వేల 400తో పోతుంది. సగానికి సగం తక్కువ.

మరి లోడరు ఎప్పుడు గిట్టుతుంది? గంటకు 900 కిరాయి దొరికితే ఖర్చు 580 పోను 320 మిగులుతుంది. 20 వేలను 320తో భాగిస్తే 63. ఏడాదికి 63 గంటలు లోడరు కిరాయి ఖాయంగా ఉంటేనే దాని ఖర్చు అది మోస్తుంది. ఖాయం అంటే "వస్తుందిలే" కాదు. కోళ్ల ఫారం వారో, పాల డెయిరీ వారో, పక్క పొలాల రైతులో "నెలకు ఇన్ని గంటలు మాకు కావాలి" అని చెప్పిన పని.

బరువు ముందుకు పడితే ఏమవుతుంది?

డబ్బు లెక్క తేలాక బండి లెక్క. తక్కువ ధరకు వస్తుందని చిన్న ట్రాక్టరుకు పెద్ద బకెట్ బిగించుకోవడం ప్రమాదం. అది ఎందుకో వివరంగా తెలుసుకుందాం.

మామూలు రెండు చక్రాల పట్టు ట్రాక్టరులో బరువు ఎక్కువ భాగం వెనుక చక్రాల మీద ఉంటుంది. ముందు ఇరుసు తేలిక. అది బండిని తిప్పడానికే గానీ బరువు మోయడానికి చేసింది కాదు. లోడరు పెట్టగానే ఈ తీరు తలకిందులవుతుంది. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య దూరం రెండు మీటర్లు అనుకోండి. బకెట్ బరువు ముందు ఇరుసుకు 1.2 మీటర్లు ముందు ఉంది. బకెట్‌లో 500 కిలోలు ఎత్తితే ముందు ఇరుసు మీద పడేది 500 కాదు, 800 కిలోలు. ఆ అదనపు 300 వెనుక చక్రాల మీదినుంచి లేచిపోతుంది. ఏతాం కర్ర తీరే ఇదీ.

వెనుక చక్రాలు తేలికయితే రెండు కష్టాలు. పట్టు జారుతుంది, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, మన ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వెనుక బరువు లేకపోతే, పల్లంలో బ్రేకు తొక్కినా బండి నిలవదు. అందుకే లోడరు వాడేటప్పుడు వెనుక లిఫ్టుకు బరువు దిమ్మె గానీ, చక్రాలకు ఇనుప పలకలు గానీ ఉండాలి, లేదా టైర్లలో నీళ్లు నింపాలి. దిమ్మె ధర కూడా కొటేషన్‌లో కలపాలి.

బకెట్ కొలత కూడా చూడాలి. 0.3 ఘనపు మీటర్ల బకెట్‌లో మాగిన పెంట నింపితే సుమారు 150 నుంచి 200 కిలోలు. అదే బకెట్‌లో తడి చెరువు మట్టి నింపితే 500 కిలోలు దాటుతుంది. పెంటకు సరిపోయిన బండి మట్టికి సరిపోదు. "ఇంత బరువు ఎత్తుతుంది" అని అమ్మేవాళ్లు చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఆ అంకె వెనుక లిఫ్టుదా, ముందు లోడరుదా? బకెట్ తగిలించే పిన్ను దగ్గరా, బకెట్ మధ్యలోనా? నేల దగ్గరా, పూర్తి ఎత్తులోనా? పైకి లేచేకొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుంది. ట్రాలీ అంచు దాటి పోయవలసింది పై ఎత్తులోనే గదా!

ఏ హంగుకు డబ్బు పెట్టాలి?

పవర్ స్టీరింగ్: లోడరుకు తప్పనిసరి. ముందు బరువు పడ్డాక చేతి స్టీరింగ్‌తో రోజంతా తిప్పడం మనిషి వల్ల కాదు.

హైడ్రాలిక్ పంపు: నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిలు తోస్తుందో అడగండి. తోడు తక్కువయితే బకెట్ నెమ్మదిగా లేస్తుంది, గంటలు పెరుగుతాయి, డీజిలు పెరుగుతుంది. కొన్ని బండ్లలో క్లచ్ పూర్తిగా తొక్కితే పంపు కూడా ఆగిపోతుంది. గేరు మార్చినప్పుడల్లా బకెట్ ఆగిపోతే లోడరు పని సాగదు. దీన్ని షోరూం ఆవరణలోనే తొక్కి చూడవచ్చు.

ముందుకు, వెనక్కు గేరు: లోడరు పనిలో బండి నిమిషానికోసారి ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. ఆ రెండు గేర్లూ ఒకే లివరుతో సులువుగా పడే బండి అయితే క్లచ్ పలకలు, డ్రైవరు మోకాళ్లు రెండూ నిలబడతాయి.

నాలుగు చక్రాల పట్టు: ధర బాగా పెరుగుతుంది. కానీ ముందు ఇరుసు బలంగా ఉంటుంది, తడి నేలలో పట్టు ఉంటుంది. రోజూ లోడరు పని ఉన్నవాళ్లకు ఇది ఖర్చు కాదు, అవసరం. ఏడాదికి ఇరవై గంటల వాడకానికి అనవసరం.

హెచ్‌పీ: ఇంజను హెచ్‌పీ వేరు, పీటీవో హెచ్‌పీ వేరు. 40 హెచ్‌పీ ఇంజను పీటీవో దగ్గరికి వచ్చేసరికి 34, 36 దగ్గర తేలుతుంది. రోటావేటరును తిప్పేది ఆ రెండో అంకే.

డబ్బు పెట్టనక్కరలేనివి: పాటల పెట్టె, రంగు రంగుల స్టిక్కర్లు, అదనపు లైట్ల వరుసలు, గొడుగు మీద మెరుపు బొమ్మలు. "ఇవి ఉచితం" అని ఎవరన్నా అంటే, వాటి బదులు ధర తగ్గించమనండి.

బిగింపు ఎక్కడ?

లారీకి ఉన్నట్టు ట్రాక్టరుకు విడిగా చాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ పెట్టె, గేరు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో కలిసి అవే బండికి వెన్నెముక అవుతాయి. లోడరు చట్రాన్ని ముందు భాగానికి మాత్రమే బిగిస్తే, రాయికి బకెట్ తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ క్లచ్ పెట్టె దగ్గరి అతుకు మీద పడుతుంది. గుండ్రాళ్లున్న మన నేలల్లో ఈ దెబ్బలు తప్పవు. మంచి బిగింపులో చట్రం బండి కింది నుంచి వెనుక ఇరుసు దాకా సాగి, అక్కడ కూడా పట్టుకుని ఉంటుంది. వంగి చూడండి, చేత్తో తట్టి చూడండి.

బయటి వర్క్‌షాపులో లోడరు బిగిస్తే కొంత తక్కువకు వస్తుంది. కొందరు మేస్త్రీల పనితనం నిజంగానే బాగుంటుంది. అయితే అలా బిగించాక ట్రాక్టరు వారంటీ నిలుస్తుందా లేదా అన్నది డీలరు చేత రాయించుకోవాలి. "ఏమీ కాదు, నేనున్నా" అన్న మాట, గేరు పెట్టె పగిలిన రోజు పనికిరాదు.

పరీక్ష కాగితం చదవండి

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ 1955 నుంచి ఉంది. ట్రాక్టర్లను అక్కడ పరీక్షించి, పీటీవో శక్తి, డీజిలు వాడకం, వెనుక లిఫ్టు ఎత్తే బరువు, బ్రేకుల తీరు వంటివి కొలిచి నివేదిక ఇస్తారు. మీరు కొనబోయే మోడల్ పరీక్ష నివేదిక చూపమని డీలరును అడగండి. ఇంగ్లీషులో ఉన్నా అంకెలు అంకెలే, చదువుకున్న పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుంటే అరగంట పని. దక్షిణాదికి ఇలాంటి సంస్థే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో పెట్టారు. అక్కడ యంత్రాల వాడకంలో రైతులకు శిక్షణ కూడా ఇస్తారు.

కాగితం తర్వాత పొలం. షోరూం సిమెంటు నేల మీద ఖాళీ బకెట్ ఎత్తి చూపిస్తే ట్రయలు కాదు. మీ పొలంలో, మీ పెంటకుప్ప దగ్గర, మీ ట్రాలీ నింపించి చూడండి. ట్రాలీ నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, బకెట్ నిండుగా ఉండి స్టీరింగ్ తిప్పితే వెనుక చక్రం తేలుతోందా, ఇంజను ఆపాక బకెట్ దానంతట అదే కిందికి జారుతోందా, పైపుల అతుకుల దగ్గర ఆయిలు తడి ఉందా అన్నవి చూసుకోవాలి. ఆ మోడలే వాడుతున్న రైతు ఒకరిని వెతికి, "రెండేళ్లలో ఏం పాడయింది? సామాను ఎన్నాళ్లకు దొరికింది?" అని అడగండి. ఆ జవాబు ఏ ప్రకటనలోనూ ఉండదు.

పాతది కొంటే?

రెండోచేతి బండి చిన్న రైతుకు చెడ్డ ఆలోచన కాదు. అయితే లోడరు పనిలో తిరిగిన బండి కొనేటప్పుడు ముందు ఇరుసు పిన్నులు, స్టీరింగ్ ఆట, క్లచ్ పెట్టె అతుకుల దగ్గర వెల్డింగు గుర్తులు ముందు చూడాలి. కొత్త రంగు వేసిన చోట అనుమానించాలి. ఆర్‌సీలో ఫైనాన్సు బాకీ కొట్టేశారో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వరాదు.

విడిభాగాల సంగతి మరవొద్దు. హెచ్‌ఎంటీ ఒకనాడు పేరున్న బండి. ఆ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. అలా తయారీ ఆగిన బండి కొంటే సామాను కోసం తిరగవలసి వస్తుంది. కంపెనీలు చేతులు మారడం కూడా ఉంటుంది. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి, స్వరాజ్ 2007లో మహీంద్రా చేతికి వెళ్లాయి, అయినా ఆ పేర్లు నిలిచాయి. పేరు ఏదైనా, మీ ఊరికి గంట దూరంలో మెకానిక్కు, సామాను రెండూ దొరికితేనే అది మీ బండి.

వెంచరు పని నమ్ముకోవచ్చా?

ఇదే అసలు ప్రశ్న. కిరాయి గంటకు 320 మిగులుతుందన్న పాత లెక్కతో చూస్తే, 7 లక్షల అప్పుకు ఏడాదికి కట్టవలసిన రెండు కిస్తీలు 1 లక్ష 90 వేలు. అది కిరాయి మీదే తీరాలంటే ఏడాదికి 594 గంటలు తిరగాలి. రోజుకు ఆరు గంటల చొప్పున దాదాపు నూరు రోజులు. లోడరు లేకుండా ట్రాక్టరు ఒక్కటే కొంటే అప్పు 5 లక్షలు, కిస్తీ 68 వేలు, కావలసింది 425 గంటలు, డెబ్బయి రోజులు.

ప్లాట్ల వ్యాపారం జోరుగా ఉన్నప్పుడు నూరు రోజులు పెద్ద లెక్క కాదు. మందగించినప్పుడు మొదట ఆగేది మట్టి పనే. పని ఆగినా కిస్తీ ఆగదు. పైగా పెద్ద వెంచరు పనికి వాళ్లు పిలిచేది జేసీబీని. చిన్న లోడరుకు దక్కేది అక్కడా ఇక్కడా మిగిలిన పని. ఆ కూలి డబ్బు కూడా చేసిన రోజే రాదు.

ఇంకో చిక్కు కాగితాలది. వ్యవసాయానికని రిజిస్టరు చేసిన బండితో ఇటుక, ఇసుక, వెంచరు మట్టి తోలుతూ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. లోడరు బిగించిన సంగతి ఆర్టీఏ కాగితాల్లో, పాలసీలో ఎలా చూపించాలో కొనే ముందే అడిగి తెలుసుకోవాలి. బకెట్‌లో మనిషిని నిలబెట్టి కొమ్మలు కొట్టించడం, పిల్లలను ఎక్కించడం ఎన్నడూ చేయరాదు. నిండు బకెట్‌ను నేలకు జానెడు ఎత్తులోనే ఉంచి నడపాలి.

మధ్య దారులు

లోడరు కావాలి, ఒక్కరి వల్ల కాదు అనుకుంటే నలుగురు కలవవచ్చు. పక్కపక్క పొలాల రైతులు అయిదుగురికి ఒక్కొక్కరికి ఇరవై గంటల చొప్పున పని ఉంటే వంద గంటలు. అప్పుడు లోడరు ఖర్చు గంటకు వెయ్యి నుంచి రెండు వందలకు దిగుతుంది. డీజిలు ఎవరిది, రిపేరు ఎవరిది, వాన పడ్డ రోజు మొదటి వంతు ఎవరిది అన్నవి ముందే కాగితం మీద రాసుకోవాలి. అన్నదమ్ములైనా సరే.

2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో యంత్రాలకు, అద్దె కేంద్రాలకు సబ్సిడీ ఏర్పాటు ఉంది. చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు యంత్రం ధరలో 50 శాతం, ఇతరులకు 40 శాతం, నిర్ణయించిన గరిష్ఠ మొత్తానికి లోబడి ఇస్తారు. ఏ యంత్రానికి, ఎప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో మండల వ్యవసాయాధికారి దగ్గర కనుక్కోవాలి. మంజూరు కాగితం రాకముందే సబ్సిడీని నమ్ముకుని అడ్వాన్సు కట్టవద్దు.

ఇక మన మూడెకరాల రైతు ఏం చేయాలి? ఇరవై గంటల లోడరు పనికి ఏడాదికి రెండు రోజులు జేసీబీని పిలిపించుకుంటే సరిపోతుంది. దున్నకం, తోలకం కిరాయి ఊళ్లో ఖాయంగా 425 గంటలు దొరికేటట్టుంటే ట్రాక్టరు కొనవచ్చు. పవర్ స్టీరింగ్, మంచి హైడ్రాలిక్ పంపు ఉన్న బండి తీసుకుంటే రేపు పని పెరిగినప్పుడు లోడరు బిగించుకునే దారి తెరిచి ఉంటుంది. అన్ని గంటలు దొరకవనుకుంటే ఈ ఏటికి కిరాయి బండే మేలు. కిరాయికి పిలిపించుకోవడం నామోషీ కాదు. పాసుబుక్కు ఇంట్లో ఉండటం అంతకన్నా గొప్ప.

సంతకానికి ముందు ఇవి సరిచూసుకోండి

1. పోయిన ఏడాది యంత్రాల పని గంటల్లో రాశానా?
2. ఖాయమైన కిరాయి ఎన్ని గంటలు? ఎవరెవరు చెప్పారు?
3. ట్రాక్టరు, లోడరు, పన్ను, ఇన్సూరెన్సు విడివిడిగా కొటేషన్‌లో ఉన్నాయా?
4. వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదనా? అన్ని కిస్తీలూ కలిపి ఎంత?
5. భూమి తనఖా ఉందా? ఇంట్లో అందరికీ తెలుసా?
6. పూర్తి ఎత్తులో లోడరు ఎత్తే బరువు ఎంత? వెనుక దిమ్మె ఇస్తున్నారా?
7. లోడరు చట్రం వెనుక ఇరుసు దాకా ఉందా? వారంటీ కాగితం మీద రాశారా?
8. నా పొలంలో, నా ట్రాలీ నింపి చూపించారా?

ఎనిమిదింటికీ జవాబు దొరికితే నిర్భయంగా సంతకం పెట్టండి. ఒక్కటి తేలకపోయినా ఆ రోజుకు ఇంటికి తిరిగి రండి. అంగడిలో ఎద్దు నచ్చకపోతే మన పెద్దలు ఉత్త చేతులతో తిరిగి వచ్చిన రోజులు ఎన్నో ఉన్నాయి. అందుకు వాళ్లను ఎవరూ నవ్వలేదు.